యాదగిరన్న కొట్టు గోడను నేను నిటారుగా నిలబెట్టిన వైనం

పట్టపగలు, అశోక్ నగర్ నడిబజారులో, ఒక పెద్దమనిషిని ఆయన సొంత పుస్తకాల కొట్టులోనే బందీ చేసిన చరిత్ర నాది. తలుపు మూయలేదు, తాళం వేయలేదు, గట్టిగా ఒక మాట కూడా అనలేదు. మౌసు పట్టుకుని రెండు క్లిక్కులు నొక్కాను, అంతే. ఇది జరిగి కొన్నేళ్లయినా, ఆ వీధిలో చాయ్ తాగుదామని ఆగితే చాలు, "అక్కా, మా హాస్టల్ గోడ కూడా జర సీదా చెయ్యరాదూ" అనేవాడు ఒకడు ఇప్పటికీ తగులుతాడు. కాబట్టి మీరు కూడా మొహమాటపడకుండా నవ్వుకోండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మెకానికల్ ఇంజనీరింగ్ పాసయ్యాను. నారాయణగూడలో ఒక మేడ మీద మూడు నెలలు క్యాడ్ నేర్చుకున్నాను. క్యాడ్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, పూర్వం డ్రాయింగ్ బల్ల మీద పెన్సిలు, స్కేలు పెట్టి గీసేదంతా ఇప్పుడు కంప్యూటర్లో గీయడం. మూడు నెలలయ్యేసరికి నాకు భూమ్మీద గీయలేనిది ఏదీ లేదనిపించింది. ఆ వయసులో మూడు నెలలు చాలు అలా అనిపించడానికి.

ఇంట్లో మాత్రం పరిస్థితి వేరు. మా తాతగారి కాలంలో గుంటూరు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ ఇల్లు మాది. నాన్నగారు ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనకు లోకంలో రెండే రెండు పరమ సత్యాలు. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై. ఆడపిల్ల గ్రూప్ టూ రాస్తే జీవితం ఒక ఒడ్డున పడుతుంది. పది నిమిషాలు నడిస్తే అశోక్ నగర్, అక్కడ సందుకు నాలుగు కోచింగ్ సెంటర్లు. ఇంత దగ్గర్లో పెట్టుకుని చేరకపోవడం ఆయన దృష్టిలో దేవుడికే చేసే అవమానం.

నెల రోజులు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం.

"ఒక్క పని చూపించు మాధూ," అన్నారు నాన్న. "బయటివాళ్లది. డ్రాయింగ్ నువ్వే వెయ్యాలి. అది తయారై, నిలబడి, నేను కళ్లారా చూడాలి. చూశానా, నీ దారిన నువ్వు. లేదంటే సోమవారం నుంచి కోచింగ్."

"సరే నాన్నా. మాట తప్పరు కదా?"

"లెక్కల మాస్టారినమ్మా. లెక్క తప్పితే తప్పుతుందేమో గాని మాట తప్పదు."

ఆ మాట అంటూనే కోచింగ్ సెంటర్ దరఖాస్తు ఫారం తన గుండ్రటి అక్షరాలతో నింపేసి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. అందులో నా సంతకం ఒక్కటే మిగిలింది.

పని దానంతటదే వచ్చింది. ఖాదర్ భాయ్ అని, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర షెడ్డులో ఇనుప ర్యాకులు చేసే పెద్దాయన. ఆయనకు అశోక్ నగర్‌లో యాదగిరన్న పుస్తకాల కొట్టు పని తగిలింది. కొట్టుకు ఎడమ పక్కన గోడ పొడుగునా రెండడుగుల వెడల్పు అలమర అప్పటికే ఉంది. కుడి పక్కన గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చేలా అయిదు ర్యాకులు, అన్నీ ఎనిమిది అడుగుల పొడుగువి, రెండు వైపులా పుస్తకాలు పెట్టుకునేలా కావాలి. అన్నింటికన్నా వెనక యాదగిరన్న బల్ల, కుర్చీ. ఖాదర్ భాయ్‌కు డ్రాయింగ్ కావాలి. నాకు జీవితం కావాలి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. ఆ కొట్టు పక్క సందు వంకరగా పోతుంది, దాని వెంటే కొట్టు కుడి గోడ కూడా వంకరగా పోయింది. ముందు షట్టరు దగ్గర పద్నాలుగు అడుగుల వెడల్పు, వెనక్కి పోయేకొద్దీ ఇరుకు. నేను షట్టరు కొలిచాను, లోతు కొలిచాను, టేపు చుట్టేశాను.

"వెనక వెడల్పు, బేటీ?" అన్నాడు ఖాదర్ భాయ్.

వెనక్కి చూశాను. మోడల్ పేపర్ల కట్టలు నా ఎత్తున ఉన్నాయి, వాటి మీద దుమ్ము ఇంకో బెత్తెడు. నేను ఆరోజు తెల్ల చుడీదార్ వేసుకున్నాను. నిజం చెప్పాలంటే కారణం అదొక్కటే.

"అక్కర్లేదు భాయ్, అది కంప్యూటర్ చూసుకుంటుంది," అన్నాను.

ఇంటికొచ్చి గీయడం మొదలుపెట్టాను. షట్టరు గీత, ఎడమ గోడ గీత, వెనక గోడ గీత. కుడి గోడను అందాజుగా ఒక ఏటవాలు గీత గీశాను. దాని నుంచి మొదటి ర్యాకుకు ఒక గీత లాగాను. కంప్యూటర్ తనంతట తానే దాన్ని షట్టరుకు సమాంతరంగా అతికించింది, నేను గమనించలేదు. ర్యాకు గోడకు సరిగ్గా లంబంగా ఉండాలి కదా, లేకపోతే గోడ దగ్గర సందు మిగులుతుంది. దానికి క్యాడ్‌లో ఒక బటన్ ఉంది. రెండు గీతల్ని చూపించి అది నొక్కితే వాటి మధ్య తొంభై డిగ్రీలు వచ్చి కూర్చుంటాయి. రెంటిలో ఏది కదలకూడదో ముందే దానికి చిన్న తాళం గుర్తు పెట్టాలి. ఆ తాళం గురించి క్లాసులో చెప్పిన రోజు నేను కింద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటున్నాను. బజ్జీలు బాగున్నాయి, ఆ విషయంలో నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ర్యాకు గీతను నొక్కాను. గోడ గీతను నొక్కాను. లంబం బటన్ నొక్కాను.

తెర మీద ఏదో చిన్నగా కదిలినట్టయింది. నా కళ్లే అదిరాయనుకున్నాను. చూస్తే తొంభై డిగ్రీలు, చక్కగా, ముచ్చటగా. అసలు జరిగిందేమిటంటే, ర్యాకు అప్పటికే షట్టరుకు అతుక్కుని ఉంది కాబట్టి కదల్లేదు. తాళం వేయని గోడ మాత్రం, పెద్దలు రమ్మంటే లేచి వచ్చే బుద్ధిమంతురాలిలా, తిరిగొచ్చి నిటారుగా నిలబడింది. నేను ర్యాకును గోడకు లంబంగా పెట్టమంటే, కంప్యూటర్ గోడను ర్యాకుకు లంబంగా పెట్టింది. దాని లెక్కలో రెండూ ఒకటే. ఎవరు ఎవరి కోసం తిరిగారో దానికి అనవసరం.

అలా యాదగిరన్న కొట్టు నా డ్రాయింగ్‌లో ముందూ వెనకా పద్నాలుగు అడుగుల దివ్యభవనమైంది. అయిదు ర్యాకులు వరసగా పేర్చాను. ర్యాకులకూ ఎడమ అలమరకూ మధ్య నాలుగడుగుల దారి, ఈ చివర నుంచి ఆ చివర దాకా. కల్యాణ మండపంలో కూడా అంత దారి ఉండదు.

ఖాదర్ భాయ్ ప్రింటు చేతిలోకి తీసుకుని, అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"బేటీ, గోడ వంకర కదా. కాగితంల సీదా ఉంది."

"అది పైనుంచి చూసిన బొమ్మ భాయ్. పైనుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది."

ఈ మాట ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. వంకర గోడ విమానంలోంచి చూసినా వంకరే.

"పైనుంచి చూసినా వంకర వంకరే అయితది గదా," అన్నాడు ఆయన మెల్లగా.

"లంబం పెట్టాను భాయ్. కంప్యూటర్ తొంభై అంటోంది. కంప్యూటర్ తప్పు చేస్తుందా?"

ఖాదర్ భాయ్ నలభై ఏళ్లుగా ఇనుముతో బతికిన మనిషి. నా మొహంలోని ధీమా చూసి, చదువుకున్న పిల్ల కదా అని ఊరుకున్నాడు. ఆ ఒక్క మర్యాద ఆయన చేయకుండా ఉంటే ఈ కథ లేదు.

బిగించే రోజు వచ్చింది. శుక్రవారం. కొత్త నోటిఫికేషన్ వస్తుందని వీధంతా గుసగుసలు, కోచింగ్ క్లాసులు పదకొండింటికి వదిలితే జనం కొట్టు మీద పడతారు. ఆలోగా అయిపోవాలని తొమ్మిదింటికే పని మొదలు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఆ ఫారంతో సహా, నా విజయాన్ని కళ్లారా చూడడానికి బయలుదేరారు. దారిలో ఒక్కసారి జేబు తడుముకున్నారు. నేను చూడనట్టు నటించాను.

యాదగిరన్న భారీ మనిషి. మంచి భారీ. వెనక తన కుర్చీలో కూర్చుని, మాకు వీపు తిప్పి, ఎవరితోనో ఫోన్లో పుస్తకాల కట్టల గురించి మాట్లాడుతున్నాడు. ఆయన మాటలు మొదలుపెడితే ఫోనే వేడెక్కి ఆగాలి. ఖాదర్ భాయ్ మొదటి రెండు ర్యాకులు దగ్గరుండి బిగించి, "మిగిలినవి కాగితం చూసి పెట్టుర్రి" అని ఇద్దరు పనివాళ్లకు చెప్పి చాయ్‌కి వెళ్లాడు. నాన్నా నేనూ వెంట వెళ్లాం. పనివాళ్లు కాగితం చూశారు, గోడ మీద కొలిచారు, రంధ్రాలు వేశారు, బిగించారు. కాగితంలో ఏముందో అదే చేశారు పాపం. నలుగురిలో తప్పు చేయనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లిద్దరే.

చాయ్ తాగి వచ్చేసరికి అయిదూ నిలబడి ఉన్నాయి. ఏడడుగుల ఎత్తు, నీలం రంగు, మధ్యలో రేకు. నా గుండె పొంగింది. "చూశారా నాన్నా" అనబోతున్నాను.

"అమ్మా మాధురమ్మా," అని ఒక గొంతు వినిపించింది. మనిషి కనిపించలేదు.

"ఏంటన్నా?"

"నేను బయటికి ఎట్ల రావాలె?"

పరుగెత్తాను. అంటే పరుగెత్తుదామనుకున్నాను. మొదటి ర్యాకు దగ్గర మూడున్నర అడుగుల దారి. రెండో దాని దగ్గర తగ్గింది. మూడో దాని దగ్గర రెండడుగులు కూడా లేదు. నాలుగో దాని దగ్గర అడుగు, పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టి దూరాను. అయిదో దాని దగ్గర ర్యాకు కొసకూ అలమరకూ మధ్య రెండున్నర అంగుళాలు. ఆ సందులోంచి యాదగిరన్న ఒక కన్ను, సగం మీసం కనిపించాయి.

"గోడ జరిగిందా ఏంది?" అన్నాడు ఆయన. కోపం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

వెనకాల ఖాదర్ భాయ్ వచ్చి చూసి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "పైనుంచి చూస్తే బయటికి వస్తడేమో బేటీ," అన్నాడు.

నేను ఎక్కడికైనా పారిపోదామనుకున్నాను, కాని పారిపోవాలన్నా మళ్లీ పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టాలి. అంతలో పదకొండు కానే అయింది. క్లాసులు వదిలారు. కొట్టు ముందు కుర్రాళ్లు గుమిగూడారు. "ఏమైందన్నా?" "యాదగిరన్న లోపల ఇరుక్కున్నడంట." "గ్రూప్ టూ బుక్స్ ఏ ర్యాకుల ఉన్నయ్?" "వాటి కాడనే ఇరుక్కున్నడు." ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. ఇంకొకడు చాయ్ తెచ్చాడు, కాని కప్పు ఆ సందులో పట్టలేదు. ఉస్మానియా బిస్కెట్ మాత్రం నిలువుగా పట్టింది. యాదగిరన్న రెండు తిన్నాడు.

నేను నాన్న వైపు చూడలేక చూశాను. ఆయన చెయ్యి జేబు మీద ఉంది. అయిపోయింది, సోమవారం నుంచి రాజ్యాంగం, పంచవర్ష ప్రణాళికలు అనుకున్నాను.

"లాప్‌టాప్ తెచ్చావా?" అన్నారు నాన్న.

తెచ్చాను. విజయోత్సవంలో అందరికీ చూపిద్దామని తెచ్చుకున్నాను. మళ్లీ పక్కకు తిరిగి దూరి వచ్చి, షట్టరు దగ్గర నేల మీద తెరిచి పెట్టాను. నాన్న ఇస్త్రీ ప్యాంటుతో పక్కనే చతికిలబడి అర నిమిషం చూశారు.

"ఈ గోడ నిటారుగా ఎందుకుంది?"

"లంబం పెట్టాను నాన్నా."

"ఎవరికి ఎవరు లంబం?"

"ర్యాకు గోడకి..."

"మరి తిరిగింది ఎవరు?"

నేను తెర చూశాను. గోడ చూశాను. ఆరోజు కళ్లు అదరలేదని, గోడే అదిరిందని అప్పుడు తెలిసింది.

"గోడ తిరిగింది నాన్నా," అన్నాను, కూతవేటు దూరంలో ఉన్న కుర్రాళ్లందరికీ వినబడేలా. వెనక నుంచి ఒకడు "సున్నా మార్కులు" అన్నాడు.

ముప్ఫై ఏళ్లు తరగతి గదిలో నిలబడ్డ మనిషికి ఎక్కడో ఏదో స్విచ్చు పడింది. నాన్న లేచి నిలబడ్డారు. "సుద్దముక్క ఉందా?" అని అడిగారు. కోచింగ్ సెంటర్ల వీధి కదా, నాలుగు జేబుల్లోంచి నాలుగు సుద్దముక్కలు వచ్చాయి. "దారం?" ఖాదర్ భాయ్ జేబులోంచి దారం తీసి, "మూడు, నాలుగు, అయిదేనా మాస్టర్?" అన్నాడు.

"మీకూ అదే లెక్కా?" అన్నారు నాన్న, మొహం వెలిగిపోతూ.

"మా అబ్బాజాన్ నేర్పిండు. గోడ వెంట మూడు, ఇటు నాలుగు, అడ్డంగ అయిదు వస్తే కోణం సీదా."

ఇద్దరు పెద్దాళ్లూ మోకాళ్ల మీద కూర్చుని ఆ వంకర గోడకు లంబాలు గీయడం మొదలుపెట్టారు. సుద్ద గీతలు షట్టరుకు సమాంతరంగా రాలేదు, కొసలు కాస్త వీధి వైపు మొగ్గాయి. అదీ అసలు లంబమంటే. నాన్న చొక్కా సుద్దతో తెల్లబడింది. అంత సంతోషంగా ఆయన్ని రిటైరయ్యాక నేను చూడలేదు.

"వెనక వెడల్పు కొలవాలి," అన్నాను, ఈసారి నేనే.

"నేను ఎట్లాగూ లోపలనే ఉన్న గదా, టేపు ఇటు పారెయ్," అన్నాడు యాదగిరన్న. టేపు ఆ రెండున్నర అంగుళాల్లోంచి చక్కగా వెళ్లింది. "తొమ్మిది," అని అరిచాడు లోపల నుంచి. పద్నాలుగు కాదు. తొమ్మిది.

"రాసుకోవడానికి కాగితం ఏదైనా ఉందా?" అన్నాను. చుట్టూ పుస్తకాలే గాని అన్నీ అమ్మేవి. నాన్న జేబులో చెయ్యి పెట్టి, మడతలు విప్పి ఒక కాగితం ఇచ్చారు. వెనక వైపు ఖాళీగా ఉంది. రాసుకున్నాను. ఏం కాగితమో చూసేంత తీరిక లేదు.

ఈసారి ముందు కుడి గోడ వెనక కొసను తొమ్మిది అడుగుల దగ్గర నిలిపాను. దానికి తాళం పెట్టాను. ఎడమ గోడకు తాళం పెట్టాను. ఎందుకైనా మంచిదని షట్టరుకు కూడా పెట్టాను. షట్టరుకు అతుక్కున్న ర్యాకు గీతను విడిపించాను. అప్పుడు లంబం నొక్కాను. గోడ చెక్కు చెదరలేదు. ర్యాకే తిరిగి, నాన్న సుద్దతో గీసినట్టే వీధి వైపు మొగ్గింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. లెక్క తేలింది. మొదటి ర్యాకు పొడుగు అలాగే ఉండొచ్చు. ఆ తరువాత ఒక్కొక్కటీ దాని ముందుదాని కన్నా తొమ్మిదంగుళాలు పొట్టి. చివరిది అయిదడుగులు. అప్పుడు దారి ఎక్కడా మూడడుగులకు తగ్గదు.

"మూడు చాలునా అన్నా?" అన్నాడు ఖాదర్ భాయ్ సందులోంచి.

"జర ఎక్కువనే పెట్టుర్రి, ఇప్పుడు రెండు బిస్కెట్లు కూడా తిన్న," అన్నాడు యాదగిరన్న.

అయిదో ర్యాకు బోల్టులు విప్పి ఆయన్ని బయటికి తెచ్చినప్పుడు వీధి వీధంతా ఈలలు. ఆయన ఎన్నికల్లో గెలిచినవాడిలా చేతులెత్తి దండం పెట్టాడు. బయట బల్ల వేసి అక్కడే అమ్మకాలు మొదలుపెట్టాడు. వీడియో చూసి పక్క సందుల నుంచి కూడా జనం వచ్చారు. ఖాదర్ భాయ్ అక్కడే ర్యాకులు కోసి, కొసలు మళ్లీ బిగించి, సాయంత్రం నాలుగింటికల్లా అయిదూ నిలబెట్టాడు. కోసిన ముక్కల్లో పెద్దదానితో ఒక బెంచీ చేసి కొట్టు ముందు వేశాడు. దాని మీద ఇప్పటికీ ఎవరో ఒకరు కూర్చుని చదువుతుంటారు.

కొబ్బరికాయ నాన్న చేతనే కొట్టించారు. అది అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి, "ఆ కాగితం ఇలా ఇవ్వు" అన్నారు.

ఇచ్చాను. ఇస్తూ అప్పుడు చూశాను. ఒక వైపు గుండ్రటి అక్షరాల్లో నా పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు. రెండో వైపు అయిదు ర్యాకుల కొలతలు, ఒక కొట్టివేత, ఖాదర్ భాయ్ బొటనవేలి గ్రీజు ముద్ర. నాన్న ఆ పక్కా ఈ పక్కా తిప్పి తిప్పి చూశారు. నా ఊపిరి నాలుగో ర్యాకు దగ్గర ఆగినట్టు ఆగింది.

"పని తయారైంది," అన్నారు. "నిలబడింది. నేను కళ్లారా చూశాను. ఒకసారికి రెండుసార్లు చూశాను." ఆ ఫారాన్ని మళ్లీ మడిచి ఖాదర్ భాయ్ చేతిలో పెట్టారు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి భాయ్. రేపు ఇంకో ర్యాకు చేయాలంటే కొలతలుండాలిగా."

అన్నేళ్లుగా నేను మా నాన్నకు తాళం వేసి ఉందనే అనుకున్నాను. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆ సంగతే ఆలోచించాను, కాని పైకి అనలేదు. అంటే మళ్లీ ఏ జేబులోంచి ఏ ఫారం తీస్తారో అని భయం.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, చిక్కడపల్లిలోనే, ఒక్క గది. నాన్న రోజూ పదింటికి వచ్చి నా డ్రాయింగులు దిద్దుతారు, ఎర్ర పెన్నుతో. ఇంట్లో దేవుడి పటం కాస్త పక్కకు ఒరిగినా నన్ను ముట్టుకోనివ్వరు. "నువ్వు ఆగమ్మా, నువ్వు పటం సర్దితే గోడ తిరుగుతుంది" అంటారు.

అందుచేత, చిక్కడపల్లి మొదలు నారాయణగూడ దాకా నిలబడి ఉన్న సమస్త గోడల సాక్షిగా, వంకరవాటి సాక్షిగా మరీ ముఖ్యంగా, నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ముందు గోడకు తాళం వేస్తాను. వెనక వెడల్పు కొలుస్తాను. కొలతలకు వెళ్లేరోజు తెల్ల చుడీదార్ వేసుకోను. అన్నీ అయ్యాక కూడా, కొట్టు యజమాని బయటే ఉన్నాడని చూసుకున్నాకే, ఆఖరి ర్యాకు బిగించమంటాను.